సారు దూరాన ఉన్న ఎండాకాలం

జనగామలో మా మేడ మీది గదిలో అద్దెకుంటున్న అమ్మాయి పేరు శిరీష. ఊరు నెల్లికుదురు. ఫిజిక్స్‌లో ఎమ్మెస్సీ చదువుతోంది. ఈ ఎండాకాలం సెలవులకు ఊరికి వెళ్ళకుండా ఇక్కడే ఉండిపోయింది. బెంగుళూరులో ఉన్న ఒక ప్రొఫెసరు దగ్గర ఇంటర్న్‌షిప్ వచ్చిందట, ఊళ్ళో సిగ్నల్ సరిగా అందదట. దగ్గర అంటే నిజంగా దగ్గర కాదు. ఆయన అక్కడ, ఈ పిల్ల మా మేడ మీద. మధ్యలో ఒక ల్యాప్‌టాప్. మధ్యాహ్నమంతా తలుపు వేసుకుని, ఎక్కడో ఏదో యంత్రం పంపిన అంకెలను జల్లెడ పట్టేది. నేనూ ఫిజిక్స్ చెప్పి రిటైరైన మనిషినని తెలిశాక, పొద్దు వాలితే కిందికి దిగి వచ్చి, నా పక్కన అరుగు మీద కూర్చుని ఆనాటి తిప్పలు చెప్పేది. పని ముగిసిన రోజున వచ్చి నవ్వుతూనే అంది, సారును ఒక్కసారి కూడా చూడలేదని, ఇద్దరి కెమెరాలూ ఎప్పుడూ బందే ఉండేవని, రేపు బజారులో ఎదురైతే ఇద్దరూ ఒకరినొకరు గుర్తుపట్టరని. తరువాత అడిగింది, మా కాలంలో ఇట్లాంటివి ఉండేవా అని. లేవన్నాను. ఆ పిల్ల మెట్లెక్కి వెళ్ళిపోయాక, చీకటి పడుతున్న వాకిట్లో కూర్చుని, నేను చెప్పింది నిజం కాదని గుర్తు చేసుకున్నాను. మాకూ ఒకటి ఉండింది. దానికి పేరు లేదు, సర్టిఫికెట్ లేదు, జీతం లేదు. సారు గోదావరి అవతల ఉండేవాడు, మేము ఇవతల.

అది అరవై తొమ్మిది. నేను వరంగల్‌లో బీఎస్సీ రెండో ఏడు చదువుతున్నాను. తెలంగాణ కావాలని కాలేజీలన్నీ రోడ్డెక్కిన ఏడాది. తరగతులు ఆగిపోయాయి, పరీక్షలు జరుగుతాయో లేదో తెలియదు, హాస్టల్ ఖాళీ చేయించారు. ట్రంకు పెట్టెతో జనగామ స్టేషన్లో దిగిన నన్ను బాపు ఏమీ అడగకుండా ఇంటికి తీసుకొచ్చాడు. మాది పెంకుటిల్లు. ముందర పెద్ద వాకిలి, రెండు అరుగులు, వెనక పెరట్లో నిమ్మచెట్టు, బాయి. ఎండాకాలం వచ్చిందంటే మా ఇంటికి ఒక వాసన ఉండేది. రంజన్లలో నీళ్ళు చల్లబడేటప్పుడు వచ్చే మట్టివాసన, చింతపండు గింజ తీసి ఆరబెట్టిన చాపల పుల్లని వాసన, దర్వాజాకు కట్టిన వట్టివేళ్ళ తడకల వాసన, ఈ మూడూ కలిసి మధ్యాహ్నానికి ఇల్లంతా నిద్రలాగా పరుచుకునేవి. అమ్మ తెల్లవారకముందే లేచి వాకిలి ఊడ్చి, పేడనీళ్ళతో సాన్పు చల్లేది. ఆ చప్పుడుకే మాకు మెలకువ వచ్చేది. బాపు జొన్నరొట్టె, ఉల్లిగడ్డ తిని పొలానికి పోయి ఎండ ముదిరే లోపు తిరిగి వచ్చేవాడు. బాపు మాట తక్కువ మనిషి. నిజాం కాలంలో ఉర్దూలో చదువుకున్నాడు. రాజ్యం మారాక ఆ చదువుతో ఎవరికీ పని లేకుండా పోయింది. వ్యవసాయంలో పడ్డాడు. కానీ లెక్కలు మాత్రం చివరిదాకా ఉర్దూ అంకెల్లోనే రాసుకునేవాడు.

మా ఫిజిక్స్ సారు పేరు వేంకటరత్నం. రాజమండ్రి దగ్గర ఏదో పల్లె. సన్నగా, పొడుగ్గా, చొక్కా చేతులు ఎప్పుడూ మణికట్టు దాకా గుండీలు పెట్టుకుని ఉండేవాడు. ఆ కాలేజీలో కోస్తా నుంచి వచ్చిన పిల్లలు కొందరు మేము నోరు తెరిస్తే నవ్వేవాళ్ళు. "ఎట్ల", "గట్ల" అని మా వెనక పాడేవాళ్ళు. సారు ఎన్నడూ నవ్వలేదు. మేము మా మాటలో అడిగేవాళ్ళం, ఆయన తన మాటలో జవాబు చెప్పేవాడు. ఒకరి కోసం ఒకరం మార్చుకోలేదు, మార్చుకోవాలని ఎవరికీ తోచలేదు. అట్లాంటి మనిషి ఇంటి గోడ మీద ఆ చలికాలం చివర ఎవరో తారుతో వెళ్ళిపొమ్మని రాశారు. ఆయన భార్య భయపడింది. సామాను సర్దుకున్నారు. వెళ్ళే ముందు నన్నూ, ఖలీల్‌నూ పిలిపించాడు. ఖలీల్ నా తరగతే. మహబూబాబాద్ వాడు, మా అందరి నోటా అది మానుకోట. వాళ్ళ నాన్నకు స్టేషన్ బజారులో గాజుల దుకాణం. మా ఇద్దరినీ ఎంచుకోవడానికి మా తెలివి కారణం కాదు. మా రెండు ఊళ్ళూ రైలుమార్గం మీద ఉన్నాయి, టపా త్వరగా అందుతుంది.

ఆ వేసవిలో మాతో చేయిద్దామనుకున్న ప్రయోగమొకటి ఆయన మనసులో ఉండేది. కాలేజీ మూతపడ్డా అది ఆగకూడదని ఆయన పట్టుదల. నేల మీద పడిన ఎండ నేల లోపలికి ఎంత నిదానంగా దిగుతుందో చూడాలి. పెరట్లో ఒక అడుగు లోతున, రెండడుగుల లోతున, నాలుగడుగుల లోతున వెదురు గొట్టాలు పాతి, వాటిలోకి దారంతో ఉష్ణమాపకాలు దింపాలి. పైకి తీసేటప్పుడు బయటి వేడి తగిలి అంకె మారిపోకుండా వాటి గుండుకు మైనం అద్ది ఉండాలి. ఇంకొకటి మాత్రం మైనం లేకుండా నీడన వేలాడదీసి గాలి వేడి చూడాలి. రోజూ పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఎండ మండుతున్నప్పుడు ఒకసారి. వారానికోసారి అంకెలన్నీ టపాలో ఆయనకు పంపాలి. అదే సమయంలో మానుకోటలో ఖలీల్ కూడా చూస్తాడు. దూదిలో చుట్టిన గాజు కడ్డీలను మా చేతుల్లో పెడుతూ, చంటిపిల్లల్ని అప్పగించినట్టు జాగ్రత్తలు చెప్పాడు. ఆ సాయంత్రమే వాళ్ళ రైలు.

ఇంట్లో మొదటి చిక్కు అమ్మతోనే వచ్చింది. నీళ్ళు పడితే నేల చల్లబడుతుంది, లెక్క చెడుతుంది, అందుకని ఆ చోట సాన్పు చల్లొద్దన్నాను. అమ్మకు అది ఏమాత్రం నచ్చలేదు. పెరట్లో అంత మేర పొడిగా, ఎవరూ లేని ఇంటి వాకిలి లాగా వదిలేయడం మంచిది కాదంది. రెండు రోజులు మాట్లాడుకోలేదు. చివరకు బాపు చెప్పగా, ముండ్లకంప అడ్డం పెట్టి, కంప దాకా చల్లి ఆగేది. ఆగిన ప్రతిసారీ నా వైపు ఒక చూపు చూసేది. సారు ఉత్తరాలు క్రమం తప్పకుండా వచ్చేవి. ఉద్యమం సంగతి ఒక్క ముక్క ఉండేది కాదు. ఫలానా రోజు అంకె అనుమానంగా ఉంది, గొట్టం మూత సరిగా పెట్టారా? ఆ రోజు గాలిదుమారం వచ్చిందా? చివర మాత్రం ఎప్పుడూ ఒకటే వాక్యం, ఇంట్లో అందరూ క్షేమమని తలుస్తాను అని. బందులున్న వారాల్లో టపా ఆగిపోయేది. అప్పుడు రెండు మూడు ఉత్తరాలు ఒకేసారి వచ్చేవి. పాత ప్రశ్నకు కొత్త జవాబు, కొత్త ప్రశ్నకు పాత జవాబు. సందేహం పుట్టిన రోజుకు, తీరిన రోజుకు మధ్య అంత ఎడం ఉండడం వల్ల, చాలా సందేహాలు నేనే తీర్చుకోవలసి వచ్చింది. నేను ఫిజిక్స్ నేర్చుకున్నది ఆ ఎడంలోనే అని తరువాత చాలాసార్లు అనుకున్నాను.

మా అన్న ప్రభాకర్ నాకంటే మూడేళ్ళు పెద్ద. వరంగల్‌లోనే బీఏ చదివేవాడు. చదివేవాడు అనడం కంటే ఊరేగింపుల ముందు నడిచేవాడు అనడం నిజం. నల్లగా, బలంగా, పెద్ద గొంతుతో ఉండేవాడు. ఇంట్లో ఉన్నప్పుడు కూడా అరుగు మీద వాడి స్నేహితులు నలుగురైదుగురు ఉండాల్సిందే. నేను పైకి తీసిన కడ్డీని తిప్పి చూసి, ఇది ఎవరు ఇచ్చిన పని అని అడిగాడు. చెప్పాను. వాడి ముఖం మారింది. బాపు ముందరే అన్నాడు:

"ఆయన మంచోడు కాదని నేనంటలేను చెల్లె. గని మంచోళ్లు వచ్చి మన కుర్చీల కూసుంటే మనం నిలవడే ఉండాలె గద."

బాపు మనసు ఎటువైపు ఉందో నాకు తెలుసు. ఉద్యమంలో ఉన్న పిల్లలకు వండిపెట్టడానికి బియ్యం బస్తాలు బండికెత్తించింది ఆయనే. అయినా పని ఆపేయమని మాత్రం మా అన్న నాతో చెప్పలేదు. మరునాడు నేను నాలుగడుగుల గొట్టం దగ్గర కూర్చుని ఉంటే పక్కన గొంతుక్కూర్చుని, పైన మండిన ఎండ ఆ లోతుకు చేరడానికి ఎంతకాలం పడుతుందని అడిగాడు. వారాలు, ఒక్కోసారి నెలలు కూడా పడుతుందన్నాను. పడీపడీ నవ్వాడు. "మన మాట ఢిల్లీకి పోయినట్టే" అన్నాడు. ఆ వారమే మళ్ళీ వరంగల్ వెళ్ళాడు. ఊరేగింపులో పట్టుబడి జైలుకు పోయాడని వాడి స్నేహితుడు సత్తెయ్య వచ్చి చెప్పాడు. అమ్మ ఏడ్చింది కానీ, అందులో భయం కంటే గర్వమే ఎక్కువ కనిపించింది. ఆ రోజుల్లో ప్రతి వీధిలో ఒకరైనా జైల్లో ఉన్నారు.

వాడు తిరిగి వచ్చేసరికి ఎండలు ముదిరాయి. వాకిట్లో జీపు దిగిన మనిషిని నేను వెంటనే గుర్తుపట్టలేదు. కళ్ళు పసుపుముద్దల్లా ఉన్నాయి. చొక్కా లోపల మనిషి లేనట్టుగా వేలాడుతోంది. జైల్లో పిల్లలు చాలామందికి ఈ జబ్బు వచ్చిందన్నారు. కొందరికి తగ్గింది, కొందరికి ముదిరింది. పసిరికెలు, అంటే కామెర్లు. కొత్తగూడ అడవి దిక్కు నుంచి ఒక మనిషిని పిలిపించి ఆకుపసరు పోయించారు. దవాఖాన డాక్టరు వచ్చి సూది వేసి, హైదరాబాద్ తీసుకుపోవడం మేలన్నాడు. ఆ వారమంతా బందు. బస్సులు లేవు, రైళ్ళు ఎప్పుడు నడుస్తాయో తెలియదు. బాపు రోజూ స్టేషన్ దాకా పోయి వచ్చేవాడు. వాకిట్లోకి అడుగుపెట్టగానే అమ్మ ఆయన ముఖం చూసి, అడగకుండానే లోపలికి తిరిగేది. కాస్త గాలి తగులుతుందని అన్న మంచాన్ని ముందరి అరుగు మీద వేశాము. వాడు ఎక్కువగా మాట్లాడేవాడు కాదు. నేను కడ్డీలు చూసి వచ్చినప్పుడల్లా మాత్రం కనుబొమలెత్తి ఎంతని అడిగేవాడు. చెబితే తలాడించేవాడు. ఆ అంకెలు వాడికి ఎందుకో నేను అడగలేదు.

ఒక మధ్యాహ్నం జ్వరం ఎక్కువైంది. డాక్టరు ఊళ్ళో లేడు. వడగాలికి వట్టివేళ్ళ తడక ఎంత తడిపినా నిమిషంలో ఎండిపోతోంది. అమ్మ వాడి నుదురు పట్టుకుని చూసి, నీ దగ్గర ఉన్న కడ్డీ పెట్టి చూడమంది. నేలలో దింపేవాటికి మైనం ఉంది, అవి పనికిరావు. గాలి వేడి చూసేది అరుగు స్తంభానికి వేలాడుతోంది. దాన్ని తీసి తుడిచాను. నీడలోనే నలభై మూడు దాటి ఉంది పాదరసం. అన్న చంకలో పెట్టి, చేయి మడిచి పట్టుకున్నాను. అమ్మ మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, కడ్డీకి ముఖం దగ్గరగా పెట్టింది. అమ్మకు అంకెలు రావు. కానీ ఒక మెరిసే గీత కిందికి జారడం ఎవరికైనా కనిపిస్తుంది. అది జారుతోంది. నలభై రెండు, నలభై ఒకటి. అన్న ఒళ్ళు కాలిపోతోంది, కానీ బయటి గాలి అంతకంటే ఎక్కువ కాలిపోతోంది. అందుకని పాదరసం దిగుతోంది.

"దిగుతుంది బిడ్డా" అంది అమ్మ. "సూడు, దిగుతుంది."

నలభై దగ్గర ఆగింది. అంటే డాక్టరు లెక్కలో నూట నాలుగు. అన్న కళ్ళు తెరిచి ఉన్నాయి. నా ముఖం చూశాడు, అమ్మ ముఖం చూశాడు. వాడికి విషయం తెలిసిపోయిందని నాకు అర్థమైంది. పొడి పెదవులతో సన్నగా నవ్వాడు. "అమ్మా, ఇంత సల్ల పొయ్యి" అన్నాడు. రెండు రోజులుగా ఏదీ వద్దన్న వాడు అడిగాడని అమ్మ పరుగున లోపలికి పోయి చల్ల తెచ్చింది. సగం లోటా తాగాడు. ఆ సాయంత్రం ఇంట్లో దీపం పెట్టేటప్పుడు అమ్మ ముఖంలో నేను చూసిన వెలుగు అంతకు ముందు లేదు, తరువాతా లేదు. మరునాడు పొద్దెక్కకముందే అన్న పోయాడు.

దాని తరువాత కొన్ని రోజులు నాకు వరుసగా గుర్తు లేవు. ఊరంతా కదిలి వచ్చింది. నినాదాలు ఇచ్చారు, పూలు వేశారు. ఆ గోలంతా సద్దుమణిగాక ఇంట్లో మిగిలిన నిశ్శబ్దమే బాగా గుర్తు. అమ్మ సాన్పు చల్లడం మానేసింది. ముందు వాకిలి, వెనక పెరడు, అంతా ఎండి, దుమ్ము లేచి, ముండ్లకంపకు అటూ ఇటూ తేడా లేకుండా పోయింది. నేను కడ్డీల జోలికి వెళ్ళలేదు. బాపు ఎవరితోనూ మాట్లాడలేదు. వచ్చినవాళ్ళు ఓదార్చి వెళ్ళేవాళ్ళు, ఆయన నేల చూస్తూ కూర్చునేవాడు. ఒక మధ్యాహ్నం నీళ్ళకోసం పెరట్లోకి పోతే, తలకు తువ్వాల చుట్టుకుని, ఆ మండే ఎండలో, బాపు నాలుగడుగుల గొట్టంలోంచి దారం పైకి లాగుతున్నాడు. కడ్డీని కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చదివి, మళ్ళీ మెల్లగా దింపి, మూత పెట్టి, లేచి వచ్చి, పెరటి తలుపు చెక్క మీద సుద్దముక్కతో రాశాడు. అప్పుడు చూశాను, చెక్క మీద పైనుంచి కిందికి ఉర్దూ అంకెల వరుసలు. దహనం అయిన మరునాటి నుంచే మొదలుపెట్టి ఉన్నాడు. ఎందుకని నేను అడగలేదు. అన్న రోజూ అడిగిన అంకె అని ఆయన అనుకున్నాడో, కూతురి పని చెడకూడదని అనుకున్నాడో, లేక మధ్యాహ్నం ఆ వేళకు చేతులకు ఏదో ఒక పని కావాల్సి వచ్చిందో, నాకు ఈనాటికీ తెలియదు.

సంగతి సారుకు రాసింది ఖలీల్. రైళ్ళు లేక వాడు అంత్యక్రియలకు రాలేకపోయాడు. దినాలు ఇంకా కాలేదు, ఒక మధ్యాహ్నం అన్న స్నేహితులు ముందరి అరుగు మీద కూర్చుని ఉన్నారు. నేను లోపల దర్వాజా దగ్గర ఉన్నాను. వీధి మలుపులో ఖలీల్ కనిపించాడు, వాడి వెనక సంచీ పట్టుకుని, మణికట్టు దాకా గుండీలు పెట్టుకున్న చొక్కాతో వేంకటరత్నం సారు. మానుకోటలో దిగి ఖలీల్‌ను వెంటబెట్టుకుని వచ్చాడట. ఆ వారాల్లో ఒక కోస్తా మనిషి జనగామ వీధుల్లో నడవడమే సాహసం. వచ్చింది ఉద్యమంలో పోయిన పిల్లవాడి ఇంటికి. సారు మెట్ల దగ్గర ఆగి, విమల వాళ్ళ ఇల్లు ఇదేనాండీ అని నా పేరు చెప్పి అడిగాడు. ఆ ఒక్క "అండీ"తో అరుగు మీద అందరూ లేచి నిలబడ్డారు. సత్తెయ్య దర్వాజాకు అడ్డంగా వచ్చాడు. అన్నను ఆఖరిసారి మోసిన భుజాల్లో వాడిది ఒకటి. ఏ ఊరని అడిగాడు. సారు దాచలేదు, రాజమండ్రి దగ్గరన్నాడు. మా సారు అన్నా, నేనే తోల్కొచ్చిన అని ఖలీల్ ముందుకొచ్చాడు. సత్తెయ్య వాడి వైపు చూడనే లేదు.

"గీ ఇంటికి గూడ రావాల్నా మీరు?" అన్నాడు. కేక వేయలేదు.

సారు తల వంచుకుని నిలబడ్డాడు. వెళ్ళిపోనూ లేదు, ముందుకు రానూ లేదు. పెరట్లోంచి బాపు అప్పుడే లోపలికి వచ్చాడు. తల మీద తువ్వాల, వేళ్ళకు సుద్ద. దర్వాజా దాకా వచ్చి, ఎదుట ఉన్న మనిషిని చూశాడు. ఆయన సారును అంతకు ముందు ఎన్నడూ చూడలేదు, అయినా ఎవరని అడగలేదు. "జరుగు సత్తీ" అన్నాడు. అన్న పోయాక ఆయన నోటి నుంచి నేను విన్న మొదటి మాట అది. సత్తెయ్య జరిగాడు. బాపు చెంబుతో నీళ్ళు తెచ్చి, సారు కాళ్ళ మీద తనే పోశాడు.

అమ్మ మూల గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. సారు కుర్చీ వద్దని ఆమె ఎదుట నేల మీదే కూర్చున్నాడు. చెప్పడానికి తన దగ్గర ఏమీ లేదమ్మా, చూసి పోదామని వచ్చానన్నాడు. అమ్మ చాలాసేపు ఆయనను చూసింది. ఆ కడ్డీలు ఇచ్చిన సారు ఈయనే అని నేను చెప్పాను. అప్పుడు అమ్మ కదిలింది. అంతవరకు ఎవరినీ అడగని ప్రశ్న ఆయనను అడిగింది.

"ముందటి దినం కడ్డీ పెట్టి సూసినం సారూ. దిగింది. నా కండ్లార సూసిన. దిగినంక ఎందుకు పోయిండు నా కొడుకు?"

సారు నా వైపు చూశాడు. నేను స్తంభం వైపు, అక్కడ వేలాడుతున్న గాజు కడ్డీ వైపు చూశాను. ఆయనకు అర్థం కావడానికి అంతకంటే అవసరం లేదు. ఎండలో ఏ కడ్డీ ఎట్లా నడుచుకుంటుందో మాకు నేర్పిన మనిషి. అమ్మ వైపు తిరిగి అన్నాడు:

"దిగిందమ్మా. మీరు చూసింది నిజం."

ఇంకేమీ కలపలేదు. అబద్ధం చెప్పలేదు, నిజం విప్పి చూపలేదు. అమ్మ తల ఊపింది. కళ్ళు మూసుకుని గోడకు ఆనుకుంది. ఆ తరువాత అమ్మ బతికిన ఇరవై ఏళ్ళలో ఆ ప్రశ్న మళ్ళీ ఎవరినీ అడగలేదు. నేనూ ఎన్నడూ చెప్పలేదు. చెప్పకపోవడం తప్పని నాకు తోచలేదు.

వెళ్ళే ముందు సారు పెరట్లోకి వచ్చి, తలుపు చెక్క మీది రాతలు చూసి, ఇవేమిటని అడిగాడు. చెప్పాను. ఆయనకు ఉర్దూ అంకెలు రావు. బాపు పక్కన నిలబడి వేలితో చూపిస్తూ ఒక్కొక్కటే తెలుగులో చదివాడు. సారు సంచీలోంచి కాగితం తీసి, ఒక్కొక్కటే రాసుకున్నాడు. ఒకచోట బాపు తడబడి, వెనక్కి పోయి మళ్ళీ చదివాడు. సారు కొట్టివేసి మళ్ళీ రాశాడు. తరువాత బాపు చెప్పులు వేసుకుని సారునూ ఖలీల్‌నూ స్టేషన్‌కు తీసుకుపోయాడు. అల్లరి మూకలు ఆపుతాయేమోనని భయం. వెనక కొంత దూరంలో, ఎవరూ చెప్పకుండానే, సత్తెయ్య కూడా నడిచాడు.

వానలు మొదలైన చాలా రోజులకు, పెరడంతా పచ్చగడ్డి మొలిచాక, నాలుగడుగుల లోతున వేడి అన్నిటికంటే ఎక్కువ అంకెకు చేరింది. అప్పటికి నేనే మళ్ళీ చూస్తున్నాను. అన్న ఆ రోజు అడిగినదానికి అది కొలిచి తేల్చిన జవాబు. పైన అంతా చల్లబడి, అమ్మ గొంగడి కప్పుకుని కూర్చున్న పూట అది కడ్డీ మీద కనిపించింది. కాలేజీ తెరిచారు. సారు రాలేదు, కోస్తాలోనే ఎక్కడో చేరాడు. మా అంకెలతో ఆయన ఒక చిన్న వ్యాసం రాశాడు. అచ్చయిన కాగితాలు నాకూ ఖలీల్‌కూ పంపాడు. ఖలీల్ చదువు ఆపేసి దుకాణంలో కూర్చున్నాడు. నేను ఎమ్మెస్సీ చేశాను.

శిరీష పనిని చిన్నచూపు చూడటానికి ఇదంతా రాయడం లేదు. మధ్యలో ఆ పిల్లకు జ్వరం వస్తే, ఆ ప్రొఫెసరు నిమిషంలో జవాబిచ్చి గడువు పెంచాడు. మాకు ఆ నిమిషం ఉండి ఉంటే, అన్నను హైదరాబాద్‌లో ఏ డాక్టరుకో చూపించి ఉండేవాళ్ళమేమో. ఈ కాలం మీద నాకు కోపం లేదు. సందేహం వచ్చిన చోటే తీరిపోవడం మంచిదే. ఒక్కటే అనిపిస్తుంది. ముఖం తెలియని సారు దగ్గర ఆ పిల్ల బాగానే నేర్చుకుంది. మా సారు కూడా తన పని ఉత్తరాలతోనే ముగించి ఉండవచ్చు, ఎవరూ తప్పు పట్టేవారు కాదు.

ఎనభైల్లో నేను భూపాలపల్లిలో జూనియర్ కాలేజీలో పనిచేశాను. అప్పుడప్పుడే బొగ్గుబాయిలు తెరుస్తున్నారు, అడవి మధ్యలో ఊరు లేస్తోంది. ఒక వేసవిలో లెక్చరర్ల శిక్షణకని కోస్తాకు పంపితే, ఒక ఆదివారం సారు పల్లె వెతుక్కుంటూ పోయాను. రిటైరయ్యాడు. చూపు మందగించింది. గొంతు విని పేరు చెప్పాడు. భోజనం పెట్టించాడు, అమ్మ గురించి అడిగాడు. తరువాత నాకు తెలియని సంగతి చెప్పాడు. ఆ రోజు జనగామ స్టేషన్లో రైలు ఆలస్యమైందట. బెంచీ మీద పక్కపక్కన కూర్చుని, బాపు చాలాసేపటికి నోరు తెరిచాడట. బాపు మాటలను సారు బాపు యాసలోనే, అక్షరం పోకుండా, నాకు అప్పగించాడు:

"మా పిలగాడు ఉంటే మిమ్ముల గడప తొక్కనియ్యకపోవు సారూ. వాడు పోయిండు, మీరొచ్చిండ్రు. ఇగ నేను ఎవరితోని కొట్లాడాలె?"

నేను ఏం చెప్పగలనమ్మా, రైలు వచ్చేదాకా ఆయన చేయి పట్టుకుని కూర్చున్నాను అన్నాడు సారు. జనగామకు, మా ఇంటికి ఒకసారి రమ్మని నేను అడిగాను. వస్తానన్నాడు. కంచం అంచు వెతుక్కుంటున్న ఆ చేతిని చూస్తూ, సరే అన్నాను.

తిరుగు ప్రయాణంలో జనగామలో దిగాను. బాపు అరుగు మీద పడక కుర్చీలో ఉన్నాడు. సారును చూసి వచ్చానని చెప్పాను. స్టేషన్ మాట ఎత్తలేదు. మంచిగున్నాడా అని అడిగాడు. ఉన్నాడన్నాను. వీధి వైపు చూస్తూ అడిగాడు:

"రమ్మన్నవా?"

"రమ్మన్న బాపూ. వస్తనన్నడు."

అన్న పోయిన నాటి నుంచి వాడు పండుకునే అర్రకు వేసిన తాళం తీయలేదు. చుట్టాలు ఎంతమంది వచ్చినా, పెళ్ళిళ్ళకు ఇల్లు కిక్కిరిసినా, అందులో ఎవరినీ పండుకోనివ్వలేదు. బాపు మొలతాడుకున్న తాళంచెవి విప్పి నా చేతికిచ్చాడు.

"ప్రభాకర్ అర్ర ఊడ్వు బిడ్డా. సారు ఆడ పండుకుంటడు."

ఊడ్చాను. గోడల బూజు దులిపాను. అమ్మ మంచం మీద ఉతికిన దుప్పటి పరిచి, తలగడ పెట్టి, రంజన్‌లో నీళ్ళు నింపి మూల పెట్టింది. నా సెలవు అయిపోయి భూపాలపల్లి వెళ్ళాక కూడా, రోజూ పొద్దున ఆ నీళ్ళు మార్చేదట. సారు రాలేదు. కానీ బాపు బతికున్నంతకాలం ఆ అర్ర తలుపుకు మళ్ళీ తాళం పడలేదు.